పక్కా

మా ఇంట్లో గాడిద అన్న మాట అంతకుముందు ఫేబీకి లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడే వినిపించేది. ఆ ఏడాది ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాలు మొదలైన వారంలో మాత్రం మా ఆయన ఆ మాటను ఎంతో మర్యాదగా, గుమ్మం బయట బూట్లు విప్పుతూనే పలికారు.

"జయా, గాడిదను తెస్తున్నాం."

"ఎక్కడికండీ? లిఫ్టులో పడుతుందా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. మా ఆయన జాన్‌బాబు దేవుడి సంగతుల్లో వెటకారం పనికిరాదనే మనిషి. ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా రోజూ ఎముకలు చూసి చూసి, మనుషుల్లో కూడా వంకర లేనిదే కావాలంటారు. ఘాజియాబాద్‌లో మా తెలుగు సంఘానికి అప్పట్లో ఆయనే కార్యదర్శి. హిందీవాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం అదే చర్చిలో మా ఆరాధన. అలా అద్దె గంటల్లో పాడుకుంటూ పాతికేళ్ళు నిండిన సంఘం మాది. ఆ పాతికేళ్ళ పండగ మట్టల ఆదివారం నాడు చేయాలనీ, యేసు ప్రభువు యెరూషలేములోకి గాడిద మీద వచ్చినట్టే మేమూ ఒక పిల్లవాణ్ణి నిజమైన గాడిద మీద ఎక్కించి మట్టలు పట్టుకుని ఊరేగాలనీ కమిటీ పెద్దలు తీర్మానించారు. మాంసం మానేసిన ఉపవాస కాలం కదా, ఆ తీర్మానం ఢిల్లీ అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనం ముందు కూర్చుని చేశారు. పప్పులో నెయ్యి ఎక్కువ పడితే ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

ఫేబీ గదిలోంచి తొంగి చూసింది. పదకొండో తరగతి పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే ఇస్తుంది.

"సచ్ మే, పాపా? అస్లీ గధా?"

"అస్లీయే, నిజం గాడిదే. అదీ మామూలుది కాదమ్మా, ఇంతవరకూ ఎవరూ ఎక్కనిది కావాలి. వాక్యంలో అలాగే ఉంది. రాజారత్నం గారు ఆ ఒక్క విషయంలో పట్టుబట్టి కూర్చున్నారు."

రాజారత్నం గారు మా సంఘానికి పెద్దదిక్కు. గుంటూరు మనిషి, ఢిల్లీలో పెద్ద ఉద్యోగమే చేసి రిటైరయ్యారు. ఆయన మాట దాటితే కార్యదర్శి పదవి ఉండదని అందరికీ తెలుసు. గాడిద ఎక్కబోయే కెల్విన్ ఆయన మనవడే అని వేరే చెప్పనక్కర్లేదు. ఊరేగింపులో ముందు నిలబడి పాట ఎత్తుకోవలసింది మా ఫేబీ. మా ఆయనకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

గాడిదను వెతకడానికి నన్నూ తీసుకెళ్ళారు. నేను నర్సును, నాది వార్డు హిందీ, రోగుల బంధువులతో పోట్లాడి నేర్చుకున్నది. ఆయన హిందీ "ఊపిరి పీల్చండి, ఆపండి, వదలండి" దగ్గరే ఆగిపోయింది. ఇందిరాపురంలో మా అపార్టుమెంట్ల వెనక, ఖోడా వైపు, లారీలు దూరని సందులు చాలా ఉన్నాయి. అక్కడ ఇళ్ళు కట్టుకునేవాళ్ళకు ఇసుకా ఇటుకా చేరేది గాడిదల మీదే. వాటిని తోలే ధరమ్‌పాల్ మాకు ఇసుక గుట్ట పక్కనే దొరికాడు. నలభై ఏళ్ళుంటాయేమో, మెడకు గళ్ళ తువ్వాలు. ఒక ఆడ గాడిద వీపు మీద ఇటుకల బస్తా వేసుకుని సందులోకి నడుస్తుంటే, దాని వెనక ఒక బూడిదరంగు పిల్ల, తల్లి నడుస్తున్నా ఆగకుండా మూతి పొదుగు కింద దూరుస్తూ పరిగెత్తుతోంది.

"ఇదే," అన్నారు మా ఆయన, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినట్టు.

"జిస్ పే కోయీ నహీ బైఠా, వైసా చాహియే," అని తనకు వచ్చిన హిందీలో అడిగారు. ఎవరూ కూర్చోనిది కావాలని.

ధరమ్‌పాల్ నవ్వాడు. "దీని మీద ఈగ కూడా కూర్చోలేదు సాబ్. ఏడాది నిండలేదు. అభీ కచ్చా హై." ఇంకా పచ్చిదని.

"కచ్చా హీ చాహియే."

"ఠీక్ హై. పండగలోపు పక్కా కర్ దేంగే."

"పక్కా?"

"ఏక్‌దమ్ పక్కా, సాబ్."

పక్కా అంటే మాకు ఖాయమని. బేరం ఖాయమైందన్న సంతోషంతో ఇద్దరం ఇంటికి వచ్చేశాం. మా ఆయన రైలు టికెట్టు కన్ఫర్మ్ అయ్యాక కూడా రోజుకోసారి తెరిచి చూసుకునే మనిషి. ఇక ధరమ్‌పాల్‌ను వదులుతారా! పొద్దున్న కాఫీ తాగుతూ ఫోన్, సాయంత్రం ప్రార్థన అయ్యాక ఫోన్. అతను ఎత్తకపోతే వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపేవారు. "ధరమ్‌పాల్ భయ్యా, పక్కా కియా?" అన్న మాట మా ఇంట్లో చెవిలో జోరీగలా తయారైంది. ఫేబీ ఆయన గొంతును అనుకరించి నన్ను నవ్వించేది.

ఎండలు ముదరడం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వస్తున్నాను. మెయిన్ రోడ్డు మీద జామ్ అని ఈ-రిక్షా అతను ఖోడా వైపు తిప్పాడు. గాడిద అరుపు వినిపించింది. గాడిద అరిస్తే నవ్వే వయసు దాటలేదు నాకు, నవ్వుతూనే తల తిప్పాను.

అరుస్తున్నది తల్లి. గుంజకు కట్టేసి ఉంది, తాడు తెంపుకునేలా లాగుతోంది. ఇసుక గుట్ట పక్కన పిల్లను నిలబెట్టారు. ముందు కాళ్ళు రెండూ కలిపి కట్టేశారు. వీపు మీద ఇసుక బస్తా. అది కదిలితే ధరమ్‌పాల్ ఆకుపచ్చ నీళ్ళ పైపు ముక్కతో మోకాళ్ళ కింద కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా అది కూలబడబోతోంది, బస్తా జారుతోంది, జారినందుకు మళ్ళీ దెబ్బ. 

రిక్షా ఆగకముందే దిగాను. ఎలా దిగానో, హ్యాండ్‌బ్యాగ్ సీటు మీదే వదిలేస్తే ఆ రిక్షా అతనే తెచ్చి ఇచ్చాడు.

"ఏం చేస్తున్నావయ్యా దాన్ని?" అని హిందీలో అరిచాను.

"నమస్తే దీదీ. పక్కా కర్ రహే హై," అన్నాడు, తల కూడా వంచి. "మీ ఫంక్షన్‌దే."

బస్తా పక్కకు ఒరిగింది. దాని కింద వీపు అరచేయంత మేర పచ్చి పుండు, అంచుల్లో నల్లబడి, మధ్యలో తడిగా ఉంది. ఈగలు లేచి మళ్ళీ వాలాయి. నోటి మూలలు ఇనప తీగకు కోసుకుపోయాయి. నా ఉద్యోగంలో సగం వీపులే. కదలలేని రోగిని పక్కకు తిప్పకపోతే వీపు ఏమవుతుందో కొత్త పిల్లలకు నేర్పేది నేనే. నా కళ్ళెదుటే, నా పేరు చెప్పి, ఒక పసిదాని వీపు అలా అయింది. ఒళ్ళు మండిపోయింది.

"నిన్ను కొట్టమన్నదెవరు?"

"సాబే అన్నారు దీదీ. రోజూ అంటారు."

"మా ఆయనా? చీమను తొక్కని మనిషి!"

అతను పైపు చంకలో పెట్టుకుని ఫోన్ తీశాడు. ఏదో నొక్కాడు. ఆదివారం ప్రకటనలు చదివే గొంతు ఆ ఇసుక గుట్ట దగ్గర గట్టిగా మోగింది. "భయ్యా, అచ్ఛే సే పక్కా కరో. సండే కో గడ్‌బడ్ నహీ హోనా." ఆదివారం నాడు ఏ గందరగోళమూ ఉండకూడదట. ఇంకోటి పెట్టాడు. "అభీ తక్ పక్కా నహీ కియా క్యా?" ఇంకా పక్కా చేయలేదా అని.

అప్పుడు తెలిసింది. పని అలవాటు లేని జంతువు వాళ్ళ మాటల్లో కచ్చా. దాన్ని బరువుకు లొంగదీసి, మనిషి ఎక్కినా బెదరకుండా నిలబడేలా చేయడం పక్కా చేయడం. మా ఆయన బేరం ఖాయమేనా అని అడిగినప్పుడల్లా, ఇతను ఇంకా లొంగదీయలేదా అని విన్నాడు. విన్నప్పుడల్లా ఇంకాస్త ఇసుక పోశాడు. ఎవరూ ఎక్కనిది కావాలన్నది మేమే. ఎక్కితే కదలకూడదన్నదీ మేమే.

"పోలీసులకు ఫోన్ చేస్తాను," అన్నాను. నోటికి వచ్చిన మొదటి మాట అదే.

"చేయండి. సాబ్ గొంతు కూడా వినిపిస్తాను." పొగరుగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. "ఇంకో దారి లేదు దీదీ. మా బాపూ నన్ను కూడా ఇలాగే పక్కా చేశాడు. ఈ వయసులోనే."

"అయితే ఎలా ఉంటుందో నీకు తెలుసన్నమాట."

నేను కదలలేదు. బస్తా దించి, కాళ్ళకున్న కట్టు విప్పేదాకా ఆ ఎండలోనే నిలబడ్డాను. విప్పగానే పిల్ల తల్లివైపు ఉరికింది. అతను చటుక్కున మధ్యలో తాడు పట్టి వెనక్కి లాగాడు. "పాలు మాన్పించాను. పాలు తాగితే తల్లి వదలదు, ఇది నేర్చుకోదు," అన్నాడు.

సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే కాఫీ కూడా ఇవ్వకుండా అంతా చెప్పాను. నేను మెల్లగా చెప్పే రకం కాదు. ఆయన సోఫా అంచున కూర్చుని విన్నారు.

"నేనా? నేను ఖాయమా అనే కదా అడిగాను!"

"ఆ సంగతి నాకు తెలుసు. దాని వీపుకి తెలియదు కదండీ."

ఆయన వెంటనే ధరమ్‌పాల్‌కు ఫోన్ చేసి "మారో మత్" అని నాలుగైదుసార్లు అన్నారు. కొట్టొద్దని. అవతల అతను, కొట్టకపోతే పిల్లవాణ్ణి పడేస్తుంది, తర్వాత నన్ను అనొద్దన్నాడు. మా ఆయన అప్పటికప్పుడు రాజారత్నం గారింటికి వెళ్ళారు. పని అలవాటున్న పెద్ద గాడిదను పెట్టుకుందామని అడగడానికి. తిరిగి వచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది.

"ఒప్పుకోలేదు జయా. వాక్యం ప్రకారం చేయకపోతే మానేద్దాం అంటారు. బిషప్ గారు వస్తున్నారు, బ్యానర్లు కట్టేశారు. గేటు నుంచి చర్చి మెట్ల దాకా, అంతే. కెల్విన్ ఎంత బరువుంటాడు చెప్పు?"

"మీ బొటనవేలి మీద గోరు లేచిపోయినప్పుడు మీకు దుప్పటి ఎంత బరువుందండీ?"

తలుపు దగ్గర నిలబడి వింటున్న ఫేబీ "పాపా" అంది. ఏడుపు ఆపుకుంటూ, మామూలుగా మాట్లాడడానికి చూస్తోంది. "ఉస్ పే కోయీ బైఠేగా తో మై నహీ గావూంగీ." దాని మీద ఎవరైనా ఎక్కితే పాడను అని. అన్ని ఏళ్ళలో మొదటిసారి ఆ పిల్ల మా ఆయన మొహం చూడకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రార్థనకు ముగ్గురం కూర్చునేవాళ్ళం, పాట మాత్రం ఆయన ఒక్కరే పాడుకునేవారు.

నేను నిర్ణయించుకున్నాను. ఆ గాడిద పిల్ల మీద ఎవరూ ఎక్కరు. ఎక్కించేవాళ్ళు ఎవరైనా సరే ముందు నన్ను దాటాలి. పక్కనే ఉన్న పశువుల ఆస్పత్రి డాక్టరును బతిమాలి తీసుకొచ్చాను. ఆయన సూది వేసి, పుండు కడగడం చూపించి, మానేదాకా దూదిపింజ కూడా వేయొద్దనీ, మానినా ఎదిగేదాకా బరువు మోయించకూడదనీ, పుండున్న జంతువుతో పని చేయించడం నేరమనీ ధరమ్‌పాల్ మొహం మీదే చెప్పారు. ధరమ్‌పాల్ తల ఊపాడు. తల ఊపడంలో ఏముంది, మా వార్డులో సిగరెట్ మానేస్తామని అందరూ ఊపుతారు. అందుకే డ్యూటీ దిగగానే రోజూ అక్కడికే వెళ్ళేదాన్ని.

మొదటిరోజు అది నన్ను తన్నింది. తొడ మీద నల్లగా కమిలింది. నేను దగ్గరికి వస్తుంటే వణికేది, చెయ్యి ఎత్తితే కళ్ళు మూసుకునేది. మందు రాయడానికే చెయ్యి ఎత్తుతున్నానని దానికేం తెలుసు. ఫేబీ కూడా రావడం మొదలుపెట్టింది. తల పట్టుకుని హిందీలో ఏదేదో కబుర్లు చెప్పేది, స్కూలు సంగతులతో సహా. కొన్నాళ్ళకు వణకడం తగ్గింది. పుండు అంచుల నుంచి గులాబీ రంగు చర్మం లోపలికి పాకడం మొదలైంది. అది చూసినరోజు నాకు ఆకలి కూడా వేసింది. కానీ తల్లిని మాత్రం అతను దూరంగానే కట్టేవాడు. ఎంత పోట్లాడినా ఆ ఒక్క విషయం వినలేదు.

మా ఆయన స్కూటర్ మీద మమ్మల్ని అక్కడ దింపేవారు. దిగేవారు కాదు. హెల్మెట్ కూడా తీయకుండా రోడ్డు మీదే, ఎటో చూస్తూ నిలబడేవారు. తీసుకొస్తారు కదా, అదే చాలనుకునేదాన్ని. మళ్ళీ కోపం వచ్చేది.

మట్టల ఆదివారం ముందు శుక్రవారం రాజారత్నం గారు మా ఇంటికి వచ్చారు. చేతికర్ర సోఫాకు ఆనించి, టీ తీసుకుని, నా వైపు చూశారు.

"ఏందమ్మా జయకుమారీ, గాడిదకు నర్సమ్మవయ్యావంట గదా."

"అవునండి. మీ పేషెంటే."

"ఇనమ్మా నేను చెప్పేది. ఈ సంఘం కోసం నేను ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగానో నీకు తెలవదు. సొంత చర్చి లేదు మనకు. బిషప్ గారు వచ్చి చూసి నాలుగు మాటలు రాస్తే స్థలం వచ్చుద్ది. ఆ ఒక్కరోజు ఏ గొడవా వద్దు. పైన తెల్ల శాటిన్ గుడ్డ కప్పుదాం. ఎవురికి కనపడుద్ది?"

ఆయన చెడ్డమనిషి కాదు. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. 

"కప్పండి సార్," అన్నాను. "గేటు దగ్గర బిషప్ గారి ముందే నేను తీస్తాను."

"ఎట్టా తీస్తావు?"

"చేత్తోనే."

రాజారత్నం గారు మా ఆయన వైపు తిరిగారు. "జాన్‌బాబూ, నీ భార్యకు నువ్వన్నా చెప్పుకో."

మా ఆయన టీ కప్పును ఆయన వైపు జరిపారు. "టీ చల్లారిపోతోందండీ," అన్నారు. అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట ఆయనకు అన్నం వడ్డించాను గానీ కూర ఎందులో ఉందో చెప్పలేదు.

శనివారం పొద్దున్న ధరమ్‌పాల్ దగ్గరికి వెళ్ళి గాడిదను పంపొద్దని చెప్పాను. సరే దీదీ అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం చర్చి గేటు ముందు టెంపో ఆగింది. రాజారత్నం గారు నాకంటే పెద్దవారు, ఆయన ఫోన్ కూడా నా మాట కంటే పెద్దది.

పిల్లను దింపారు. వీపు మీద బంగారు అంచు తెల్ల శాటిన్ మెరిసిపోతోంది. కింద నడుము కట్టు గట్టిగా బిగించారు. అది తల వేలాడేసి కాళ్ళు ఎడం పెట్టి నిలబడింది. ఎక్కబోతున్నారని దానికి తెలిసిపోయింది. చుట్టూ తెల్ల బట్టలు, చేతుల్లో పచ్చటి ఈత మట్టలు, డప్పు, మైకు, మెట్ల మీద బిషప్ గారు. పొడవాటి తెల్ల అంగీలో కెల్విన్‌ను రాజారత్నం గారు రెండు చేతులా పైకెత్తారు.

నేను ఆడవాళ్ళ వరుసలోంచి బయటికి వచ్చాను. జనాన్ని తోసుకుంటూ వెళ్ళేసరికే, మైకు పట్టుకుని అందరికంటే ముందు నిలబడి ఉన్న మా ఆయన ఆ మైకును మెల్లగా మెట్టు మీద పెట్టారు. గాడిద దగ్గరికి వెళ్ళి, రాజారత్నం గారి చేతుల్లోంచి కెల్విన్‌ను తీసుకుని కింద నిలబెట్టారు. నడుము కట్టు విప్పారు. శాటిన్ గుడ్డ తీసి, మా ఇంట్లో దుప్పట్లు మడిచినట్టే అంచుకు అంచు కలిపి మడిచి, రాజారత్నం గారికి ఇచ్చారు.

డప్పు ఆగిపోయింది. గులాబీ చర్మం మళ్ళీ చిట్లి ఉంది. కట్టు ఒరుసుకున్న చోట కొత్తగా నెత్తురు.

"ఏంది జాన్‌బాబూ ఇది?" అన్నారు రాజారత్నం గారు. గొంతు పైకి లేవలేదు.

"పుండు అండి. నా మాట వల్లే అయింది. దీని మీద ఎవరూ ఎక్కరు."

బిషప్ గారు మెట్లు దిగి వచ్చారు. వంగి ఆ వీపు చూశారు. ఏమీ అడగకుండా గాడిద పక్కకు వచ్చి నిలబడి, "నడుద్దామా?" అన్నారు. పాట ఎవరు ఎత్తుకున్నారో గుర్తు లేదు. ఫేబీ కాదు, అది గాడిద నోట్లోంచి తీగ విప్పే పనిలో ఉంది. కెల్విన్ మట్ట పట్టుకుని పక్కనే నడిచాడు. గాడిద పిల్ల ఆ మట్టను సగం దాకా నమిలేసింది. పిల్లలు కిలకిలా నవ్వారు. రాజారత్నం గారు మాత్రం మడత విప్పని గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నారు. ఆయన ఇప్పటికీ మాతో పొడిపొడిగానే మాట్లాడతారు. ఈస్టర్ అయ్యాక మా ఆయన కార్యదర్శి పదవి కూడా పోయింది. స్థలం సంగతి అలాగే ఉంది.

ఆరాధన అయ్యాక ధరమ్‌పాల్ టెంపో తిప్పాడు. ఎక్కించడానికి మెడ తాడు పొట్టిగా లాగి కట్టబోతుంటే మా ఆయన ఆ తాడు అందుకున్నారు. "తుమ్ జావో. హమ్ పైదల్ లాయేంగే," అన్నారు. నడిపించుకుని వస్తామని. ధరమ్‌పాల్ మమ్మల్ని విచిత్రంగా చూసి టెంపో ఎక్కాడు.

ముందు మా ఆయన, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, చేతిలో గాడిద తాడు. నేనూ ఫేబీ వెనకాల. ఆ రోడ్డు మీద హారన్లు, ఆటోలు, సెల్‌ఫోన్లు తీసి పట్టుకున్న కుర్రాళ్ళు. "అంకుల్, దోనో మే గధా కౌన్?" అని ఒకడు అరిచాడు. ఇద్దరిలో గాడిద ఎవరని. మామూలుగా అయితే పక్కింటివాళ్ళు గట్టిగా నవ్వినా పరువు పోయిందనుకునే మనిషి. ఆయన తల తిప్పలేదు. కారు దగ్గరగా వచ్చినప్పుడల్లా గాడిదకూ కారుకూ మధ్యలోకి జరిగి నడిచారు. స్కూటర్ చర్చి దగ్గరే ఉండిపోయిందని ముగ్గురికీ గుర్తు లేదు.

ఇసుక గుట్ట దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. తల్లి గాడిద వీపు మీద ఇటుకల బస్తా వేసి సందులోకి తోలడానికి సిద్ధంగా నిలబెట్టాడు ధరమ్‌పాల్. పిల్లను చూసి అది గొంతు చించుకుని అరిచింది. పిల్ల ఒక్క లాగు లాగింది. మా ఆయన తాడు వదిలేశారు.

అది పరుగెత్తి తల్లి కింద దూరింది. ఎదిగిన ఒళ్ళు, ముందు కాళ్ళు వంచితే గానీ మూతి అందలేదు. వంచి, తలతో పొదుగును గుద్ది గుద్ది, పాలు తాగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నాకు వినపడింది. ఫేబీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అరే, సాబ్! ఇక ఇది నడవదు. పని పాడవుతుంది," అంటూ ధరమ్‌పాల్ పైపు ముక్క అందుకుని వచ్చాడు.

మా ఆయన వెళ్ళి అడ్డంగా నిలబడ్డారు.

"హటియే సాబ్."

"నహీ."

"దెబ్బ మీకు తగులుతుంది."

"తగలనీ," అన్నారు తెలుగులోనే. ఆ మాట అతనికి అర్థమైంది. ఆయన ప్యాంటు మోకాళ్ళు పైకి లాక్కుని, గాడిదల కాళ్ళకు అడ్డంగా, ఆ ఇసుకలోనే మఠం వేసుకుని కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఫేబీ అటువైపు కూర్చుంది. 

ధరమ్‌పాల్ పైపు పట్టుకుని మా ముగ్గురినీ చూశాడు. "ఎంతసేపు కూర్చుంటారు ఇలా?"

"జబ్ తక్ ఉస్‌కా పేట్ భరే," అన్నారు మా ఆయన. దాని కడుపు నిండేదాకా.

"మరి రేపు?"

"కల్ భీ ఆయేంగే." రేపూ వస్తామని.

అతను గట్టు మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి తల్లి గాడిద కాలు మార్చింది, బరువుకు నడుము వంగుతోంది. మా ఆయన నా వైపు చూడకుండానే, "జయా, ఆ బస్తా దించెయ్," అన్నారు.

లేచి వెళ్ళాను. ముడి బిగుసుకుపోయి రాలేదు. ధరమ్‌పాల్ గట్టు దిగి వచ్చి అవతలి వైపు ముడి విప్పాడు. ఇద్దరం కలిసి బస్తా దించాం. తల్లి ఒళ్ళంతా ఒకసారి విదిలించి నిలబడింది. పిల్ల తాగుతూనే ఉంది.